కృష్ణ నడుమ హోల్డాన్

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. వనపర్తిలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవారకముందే నిద్రమొహాలతో వచ్చే పెళ్లికూతుళ్లను చూసినదాన్ని, ఇంకేం చూసి భయపడతాను? కానీ మొన్న చలికాలంలో జరిగింది ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. నవ్వుకోండి. సగం దాకా నేనూ నవ్వాను.

నాకు క్రూజ్ పిచ్చి. ఫోన్‌లో ఎప్పుడూ అవే చూస్తాను. తెల్లటి ఓడలు, డెక్ మీద కాళ్లు చాపుకున్న ఆడవాళ్లు, చేతిలో రంగురంగుల జ్యూసులు. ఒక్కరోజైనా అట్లా నీళ్ల మీద మహారాణిలా గడపాలని నా కోరిక. మా ఆయన మన తాహతెంత అన్నాడు. నేనే వెతికి పట్టుకున్నాను. కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి శ్రీశైలానికి కృష్ణ మీద లాంచీ. కింద ఏసీ, పైన డెక్, మధ్యాహ్నం భోజనం, అటూ ఇటూ నల్లమల. మాలాంటి వాళ్లకు అదే లగ్జరీ.

మామయ్యను కూడా తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. వానాకాలంలో అత్తయ్య పోయినప్పటి నుంచి సరిగా తినడం లేదు, మాట్లాడడం లేదు. ఒక్కడినే ఇంట్లో వదిలితే నాకు మనసొప్పలేదు. అట్లాగని నా ట్రిప్పు పాడవుతుందనే బెంగా లేకపోలేదు.

లాంచీ ఎక్కగానే నేను భయపడ్డంతా అయింది. నెలల తర్వాత మామయ్య నోరు విప్పాడు. విప్పి, మెట్ల దగ్గర నిలబడి, "జర లోపలికి జరుగుండ్రి, వెనుక మస్తు ఖాళీ ఉన్నది" అని జనాన్ని సర్దడం మొదలుపెట్టాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఫొటోకు నిలబడ్డ నన్ను కూడా జరిపాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎట్లాగో డెక్ మీద కూర్చోబెట్టాం. ఎండ హాయిగా ఉంది. చాలాసేపటికి ఎడమవైపు ఒక బోడిగుట్ట కనబడింది. మామయ్య దాన్నే చూస్తూ లేచి, గొంతెత్తి, "హోల్డాన్!" అన్నాడు.

మన బస్సుల్లో కండక్టరు ఆ మాటంటే డ్రైవరు బ్రేకు వేయాల్సిందే. లాంచీకి బ్రేకులుండవు. కానీ ఇంజిను టక్కున ఆగింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంజిను మళ్లీ అందుకోలేదు. లాంచీ నడిపే సరంగు ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. డీజిల్ చూశారు, ఉంది. కింద నీళ్లలో తిరిగే పంకాకు చేపల వల చుట్టుకుందేమోనని చూశారు, లేదు. మామయ్య మాత్రం రెయిలింగు దగ్గర వంగి, "నిదానం, చీర సూస్కో" అంటున్నాడు. తర్వాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. "రైట్ రైట్" అన్నాడు.

ఇంజిను అందుకుంది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. సరంగు పైకొచ్చి, "నేనైతే చెయ్యి వెట్టలే, ఒట్టు" అన్నాడు. మామయ్య వైపు తిరిగి మర్యాదగా, "పెద్దాయనా, ముందట ఇంకేమన్న స్టాపులున్నయా?" అని అడిగాడు.

"లేవు. పోనియ్యి" అన్నాడు మామయ్య.

మా ఆయన నా చెవిలో చెప్పాడు. అత్తయ్య పుట్టిన ఊరు అక్కడే, ఆ నీళ్ల కింద ఉందట. డ్యాము కట్టినప్పుడు మునిగింది. అంతకుముందు ఆ ఊరి బస్సులో కొత్త కండక్టరుగా ఉన్నప్పుడే మామయ్య ఆమెను మొదటిసారి చూశాడట. ఆ బోడిగుట్ట కిందే ఆమె బస్సెక్కే స్టాపు.

అయినా నేను నమ్మే రకం కాదు. పాత ఇంజిను, ఆగింది, చల్లారాక కదిలింది, అంతే అనుకున్నాను. ఈ లెక్క ఇంతవరకు నాకే కుదరలేదు, అది వేరే సంగతి.

ధైర్యం చెబుదామని మామయ్య పక్క కుర్చీలో కూర్చోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఆడ గాదు బిడ్డా. మీ అత్త కూసున్నది" అన్నాడు. మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఆ ఖాళీ కుర్చీతో ఏదో చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. అన్ని నెలల తర్వాత ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

నేను మాత్రం శ్రీశైలం దాకా కొంగు నిండుగా కప్పుకుని ఓ మూల నిలబడే ఉన్నాను. కాళ్లు చాపడం కాదు, కళ్లద్దాలు కూడా తీసి సంచిలో పెట్టాను.

"దయ్యాలు లేవంటివి గదా, పోయి కూసోరాదు?" అని మా ఆయన ఏడిపించాడు.

"దయ్యమైతే కూసుందునే" అన్నాను. "ఆడున్నది మా అత్త."