పెద్దాయన నలభై ఎకరాలు

పోయిన నెలలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక స్నేహితుడి ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్లి, ప్రసాదం పళ్లెం పట్టుకుని బేస్‌మెంట్‌లో ఓ మూల కూర్చుంటే, హెచ్‌వన్ మీద వచ్చి రెండు మూడేళ్లయిన కుర్రవాడొకడు పక్కన చేరి తన ఫోన్‌లో తుపాకి బొమ్మ ఒకటి చూపించాడు. "అంకుల్, ఇది చూడండి, పాత ఆర్మీ రైఫిల్, మన ఇండియాలోనే మేడ్ అంట. హంటింగ్ లైసెన్స్ ఉంటే మనం కూడా కొనొచ్చు. మీరెప్పుడైనా షూట్ చేశారా?" అన్నాడు. ఆ మొద్దు ముక్కునీ, నూనె తాగి నల్లబడ్డ కర్రనీ చూడగానే గుర్తుపట్టాను. లేదు బాబూ అని అబద్ధమాడి, మంచినీళ్ల నెపంతో లేచి వచ్చేశాను. ఆ తుపాకి గురించి చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి, ఆ మనిషి మీద నాకు కోపం ఇంకా తీరలేదు.

మా కాలంలో డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నవంబరు నడిమధ్యన జింకల వేట మొదలయ్యే రోజున ప్లాంటు సగానికి సగం ఖాళీ అయ్యేది, జాతరకు పోయినట్టు మగవాళ్లంతా పికప్ ట్రక్కులెక్కి రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న అడవులకు పోయేవారు. నేను ఇంజనీరుగా చేరిన కొత్తల్లో, అప్పటికే జుట్టు నెరిసిన మా షాపు ఫోర్‌మన్, ఇక్కడ గోడలు చూస్తూ కూర్చుని ఏం చేస్తావు, నాతో రా అని తీసుకుపోయాడు. కొన్నాళ్లకు నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, అదే ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి మాతో కలిశాడు. వయసులో చిన్నవాడు కనుక నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. ఫోర్‌మన్‌ను మేమిద్దరం మాలో మేము పెద్దాయన అనుకునేవాళ్లం, ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి మాకు నోరు తిరిగేది కాదు, మర్యాదగానూ తోచేది కాదు.

పెద్దాయనకు ఉత్తరాన నలభై ఎకరాల అడవీ, అందులో ఒక చెక్క ఇల్లూ, ఇంటి వెనక కంకర తవ్వగా మిగిలిన గొయ్యీ ఉండేవి. ఆ రోజుల్లో హార్డ్‌వేర్ షాపుల్లో పాత మిలిటరీ రైఫిళ్లను పీపాల్లో చెరకు గడల్లా నిలబెట్టి అమ్మేవారు. అందులోంచి మాకు రెండు ఏరి ఇచ్చింది ఆయనే. ఇంటికి తెచ్చి తుడిచి చూస్తే అవి త్రీ నాట్ త్రీలు, మన ఊరి కానిస్టేబుళ్ల భుజాలకు వేలాడిన జాతివే, లోహం మీద మన దేశపు సింహాల ముద్ర. తమ్ముడికి ఆనందం పట్టలేదు. "మనకన్నా ముందే వలస వచ్చేసిందన్నా ఇది, దీనికి వీసా ఎవడిచ్చాడో!" అని దాన్ని ఒళ్లో పెట్టుకుని పగలబడి నవ్వాడు.

ఆ కంకర గోతిలో కాఫీ డబ్బాలు పేర్చి గురి నేర్పించాడు పెద్దాయన. పాత మిలిటరీ తూటాలు కాల్చితే గొట్టంలో ఉప్పు పేరుకుంటుందనీ, ఎంత నూనె రాసినా తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుందనీ, మరుగుతున్న నీళ్లు గరాటుతో పోసి కడిగితే తప్ప పోదనీ చెప్పి, ఆయనే పొయ్యి మీద కెటిల్ పెట్టి, మా తుపాకులు కూడా కడిగిపెట్టేవాడు. జింకల కాలం దాదాపు ప్రతి ఏడూ కార్తీకంలోనే వచ్చి పడేది. ఆడవాళ్లు దీపాలు పెట్టుకునే మాసంలో మేము జింక మాంసం మోసుకొస్తే గడప తొక్కనివ్వరు గనక, గరాజ్‌లో దానికోసమే వేరే ఫ్రీజర్ కొన్నాం. నెల పూర్తయ్యేదాకా మాంసం అందులో తపస్సు చేసేది. ఈ సంగతి వింటే పెద్దాయనకు ప్రతిసారీ కొత్తగా నవ్వొచ్చేది. కార్తీకం వెళ్లాక మా ఆవిడ వండిన జింక పచ్చడి సీసా ఆయన భార్యకు ఏటా అందేది.

ఇక్కడో మాట చెప్పాలి. మొదటి ఏడు ఆయన రమ్మన్నాడు, వెళ్లాను. ఆ తర్వాత ఏ ఏడూ మేము రావచ్చునా అని అడగలేదు, ఆయన రమ్మనీ చెప్పలేదు. తెల్లవారేసరికి మా కారు ఆయన వాకిట్లో ఉండేది, అంతే. ఒకసారి నాకే అనుమానం వచ్చి, ముందుగా ఫోన్ చేసి అడుగుదామా అంటే తమ్ముడు నొచ్చుకున్నాడు. "మనింటికి మనం పోవడానికి పర్మిషన్ ఏందన్నా? అడిగితే పెద్దాయన ఫీలవుతాడు," అన్నాడు. నిజమే అనిపించింది. అయినవాళ్లను అడగడం అంటే వాళ్లను పరాయివాళ్లను చేయడమే అని గదా మనం పెరిగింది.

రెండువేల ఒకటి సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. నవంబరులో వెళ్దామా మానుదామా అని తటపటాయించాం. తమ్ముడి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గర పడింది, అది అయితే సైన్యపు వాహనాల ప్రాజెక్టులోకి తీసుకుంటామని ఆఫీసులో మాట ఇచ్చారు, కనక ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలనుకున్నాం. కానీ పెద్దాయన దగ్గరికి పోవడానికి కూడా భయమేమిటని, ఎప్పటిలాగే వెళ్లి, వాకిట్లో కారు ఆపి చీకటితోనే అడవిలోకి నడిచాం.

పొద్దు పొడిచి మంచు కరుగుతుండగా ఇద్దరు డెప్యూటీలు, అంటే అక్కడి షెరిఫ్ కింద పనిచేసే పోలీసులు, వచ్చారు. పక్క స్థలం కొత్తగా కొన్నవాళ్లెవరో, అడవిలో ఇద్దరు నల్లటి మనుషులు మిలిటరీ తుపాకులతో తిరుగుతున్నారని షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేశారట. వేటగాళ్లు తొడుక్కునే నారింజ రంగు కోట్లూ, వీపుకు తగిలించుకున్న వేట లైసెన్సులూ ఉన్నా తుపాకులు కింద పెట్టించి, చేతులు పైకెత్తించి, మమ్మల్ని చెక్క ఇంటి మెట్ల దాకా నడిపించారు. ఆ నడకంతా మేము భయపడలేదు సుమా. ఇంకో నిమిషంలో పెద్దాయన బయటికొచ్చి వాళ్లను నాలుగు తిడతాడని తమ్ముడు నా చెవిలో అన్నాడు కూడా.

ఆయన కాఫీ కప్పుతో వచ్చాడు. వెనక జాలీ తలుపు లోపల ఆయన కొడుకు నిలబడ్డాడు. వీళ్లు మీకు తెలుసా అని డెప్యూటీ అడిగాడు. "తెలుసు, నా ప్లాంటులో పనిచేస్తారు," అన్నాడు. మీ స్థలంలో వేటాడమని మీరు చెప్పారా అని అడిగాడు. పెద్దాయన మా వైపు చూడలేదు, కప్పులోకి చూశాడు. "ఈ ఏడు నన్నెవరూ అడగలేదు," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఇప్పటికీ దహిస్తుంది. అబద్ధమైతే తిట్టిపోసి వదిలేసేవాణ్ణి.

అనుమతి లేకుండా తుపాకులతో చొరబడ్డారని కేసు రాశారు. వకీలును పెట్టుకుంటే కొన్నాళ్లకు కొట్టేశారు గాని, అప్పటికే తమ్ముడి ఇంటర్వ్యూ వెనక్కి పోయింది, ఆ ఫైలు ఎక్కడో ఇరుక్కుని ఏళ్లు గడిచాయి, ప్రాజెక్టు వేరేవాళ్లకు పోయింది, తర్వాత వచ్చిన లేఆఫ్‌లో మొదట ఊడింది అతని ఉద్యోగమే. సంసారం మూట గట్టుకుని, ఆ వయసులో కంప్యూటర్ కోర్సు చేసి, నార్త్ కరోలినాలో మోరిస్‌విల్ చేరాడు. మా తుపాకులు తిరిగి ఇచ్చారు. ఎవరూ కడగలేదు గనక గొట్టాల నిండా తుప్పు. నేను రెండూ అమ్మేశాను, తమ్ముడు ఎవరికి అని కూడా అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఒక రిటైర్‌మెంట్ పార్టీలో పెద్దాయన ఎదురుపడ్డాడు. గట్టిగా చేయి కలిపి, ఈ ఏడు జింక దొరికిందా అని అడిగాడు. మానేశానన్నాను. అయ్యో, ఈసారి జింకలు బాగా దిగాయే, అని నిజంగానే బాధపడ్డాడు. మమ్మల్ని ఏంచేశాడో ఆయనకు తట్టనే లేదా, తట్టీ దాటేశాడా, నాకు తెలియదు. అప్పుడే ముఖం మీద అడిగేయాల్సింది. కేకు ముక్క తిని వచ్చాను. ఆయన చనిపోయాడని తెలిసినప్పుడు వెళ్లలేదు, వెళ్లనందుకు విచారమూ లేదు.

అప్పట్లో మనుషులు మంచివాళ్లనీ ఇప్పుడు చెడ్డవాళ్లనీ అనను, ఆ మాట మన వయసువాళ్లు తెగ అంటుంటారు. మారింది మేమే. మొన్న మా ఆవిడ తన చెల్లెల్ని చూడాలని ఉందంటే మోరిస్‌విల్ టిక్కెట్లు బుక్ చేయబోతూ, ముందు ఫోన్ చేసి, తమ్ముడూ, ఆ శని ఆదివారాలు మేము రావచ్చునా అని అడిగాను. నీకేమైనా పిచ్చా అన్నా, అని కసురుకుంటాడేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. "ఒక్క నిమిషం అన్నా, క్యాలెండర్ చూసి చెప్తా," అన్నాడు.