కిటికీ ఎవరు తీశారు

అమెరికా రాజ్యాంగంలో నాకు బాగా నచ్చేది ఐదవ సవరణ. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. బెంగాల్‌లో మా రైల్వే ఊరి ఇందా పేటలో, ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతూ ఏటా ఈ మాట బోర్డు మీద రాస్తాను. సగం బెంగాలీలో, సగం ఇంగ్లీషులో వివరిస్తాను. ఈమధ్య మాత్రం పిల్లలు రాసుకునేలోపే చెరిపేస్తున్నాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

కారణం మా కాలేజీ ఆయమ్మ. మన తెలుగువాళ్లే, తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. స్టాఫ్ రూము ఊడ్చి, కిటికీలు మూసి, తాళం వేయడం ఆమె పని. ఒక సాయంత్రం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. పొద్దున్న వెళ్లి చూస్తే కిటికీ బార్లా తెరిచి ఉంది, దాని కింద బల్ల మీద జవాబు పత్రాల కట్ట తడిసి ముద్దయింది. ఒక్క అక్షరం మిగల్లేదు. పరీక్ష మళ్లీ పెట్టాలి. ప్రిన్సిపాల్ మేడమ్ మండిపడ్డారు.

ఆయమ్మ నా దగ్గరకు పరుగున వచ్చింది.

"అమ్మగోరూ, నాను అన్ని కిటికీలూ మూసీసినాను. ఒట్టు. ఇప్పుడేటి సెయ్యాల? పని తీసేత్తారేటో!"

మా నాన్న సర్వీసంతా ఏ ఆఫీసరు అరిచినా ముందు తప్పయిపోయింది సార్ అనేవాడు, తర్వాతే ఫైలు తెరిచేవాడు. పెద్దల కోపం ముందు తల వంచాలి, సంగతి తర్వాత చెప్పుకోవాలి. మా ఇళ్లలో అందరం ఇలాగే బతికాం.

"ముందు తప్పయిపోనాదని కాగితం రాసిచ్చీ పిన్నీ. మేడమ్ చల్లబడ్డాక అసలు సంగతి చెప్దాం" అన్నాను.

ఆమెకు బెంగాలీ మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. నేనే రాశాను. కింద తెలుగులో వంకరటింకరగా సంతకం చేసింది. ఆ తర్వాతి గంటే నేను వెళ్లి ఐదవ సవరణ పాఠం చెప్పాను. సిగ్గుండాలి నాకు!

రెండు రోజులకు విచారణ పెట్టారు. ముగ్గురం కూర్చున్నాం, అందులో నేనూ ఒకదాన్ని. నేరం మోపిందీ మేమే, విచారించిందీ మేమే, తీర్పు చెప్పాల్సిందీ మేమే. అధికార విభజన, నిరోధాలు, సమతౌల్యాలు అన్నీ నా క్లాసు రూములోనే ఉండిపోయాయి. కిటికీలు మూశానని ఆయమ్మ మళ్లీ చెప్పింది. మేడమ్ ఆ కాగితం ముందుకు తోశారు.

"ఒప్పుకుని సంతకం పెట్టావు కదా దీదీ? ఇంక అనుకోవడానికి ఏముంది?"

ఆయమ్మ నా వైపు చూసింది.

నాకు ఆ సాయంత్రం గుర్తుంది. ఆమె కిటికీలు మూసి వరండా ఊడుస్తోంది. గొడుగు మరిచిపోయానని నేను మళ్లీ లోపలికి వెళ్లాను. మబ్బు ఎంత పట్టిందో చూద్దామని ఆ కిటికీయే తీశాను. తీయడం గుర్తుంది. మూయడం గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

"మీరేమైనా చెప్పాలా?" అని మేడమ్ నన్ను అడిగారు. మర్యాదగానే అడిగారు, బలవంతం లేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయమ్మను ఆ వారమే పనిలోంచి తీసేశారు.

అప్పటినుంచి నేను ఒకచోట కూర్చోలేను. సుభాష్‌పల్లిలో మా ఇంట్లో టీ పెట్టుకుంటాను, తాగకుండానే లేచి కిటికీలన్నీ చూసి వస్తాను. మళ్లీ కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. మూసినవే మూస్తావెందుకని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. వాళ్లకూ ఏమీ చెప్పలేదు.

పోయిన వారం ఇందా బజారులో ఆయమ్మ కనిపించింది. గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్ముతోంది. తప్పించుకుపోదామనుకున్నాను, ఈలోపే చూసేసింది. మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోనాది అమ్మగోరూ. ఆ రోజు అందరి ముందూ మీకేసి సూసినాను. మీకు ఇబ్బంది అయిపోనాది."

నేను ఒక తోటకూర కట్ట తీసుకున్నాను. ఆమె ఇంకా చేతులు దించలేదు. నేను ఆటో ఎక్కాను.