ఫిట్టరన్న బెల్లు

ఎనభైల్లో నాచారం ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఫిట్టరన్న సైకిల్‌కు బ్రేకులు ఉండేవి కావు, బెల్లు మాత్రం ఉండేది. ఉప్పల్ నుంచి తారు రోడ్డు వదిలేసి, సీతాఫలం పొదల మధ్య, బండల మీదుగా కాలిబాటలో తొక్కేవాడు. వెనక క్యారియర్ మీద నేను. మనిషి జాడలేని ఆ అడవిలో బండరాయి కనబడినా బెల్లు కొట్టేవాడు.

"బ్రేకులు ఏయించరాదే అన్నా" అంటే, "బ్రేకేస్తే మనం ఆగాలె. బెల్లు గొడితే ఎదుటోడే జరుగుతడు" అనేవాడు.

ఒకరోజు దిగుడులో బాటకు అడ్డంగా బర్రె నిలబడి ఉంది. అన్న బెల్లు కొడుతూనే ఉన్నాడు, బర్రె నెమరు వేస్తూనే ఉంది. ఇద్దరం పోయి తుమ్మపొదలో పడ్డాం. ఆయన టిఫిన్ డబ్బాలోని పప్పంతా నా నెత్తిమీదే.

అన్న ముళ్లు పీక్కుంటూ లేచి, ముందు బెల్లు కొట్టి చూశాడు. మోగింది. "గిది మంచిగనే ఉంది. బర్రెకే చెవుడు" అన్నాడు.

"గిట్లైతే రేపటిసంది నేను బస్సుల వస్త" అని తెగేసి చెప్పాను.

మరునాడు అన్న చెప్పులు నేలకు రాస్తూ మా గుమ్మం ముందు ఆగాడు. "ఎక్కు, గిప్పుడు ఫికర్ లేదు" అన్నాడు.

హ్యాండిల్ మీద రెండో బెల్లు మెరుస్తోంది.