కాలువలో తేలిన పర్యావరణ ఆదివారం

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా రేపల్లె సంఘానికి నేను కార్యదర్శిని. ఉద్యోగం తెనాలిలో, గుమాస్తాగిరీ. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేవాణ్ణి. కార్యదర్శి అంటే పెద్ద పదవి అనుకునేరు. పాస్టరుగారు ఎక్కడికి వెళితే అక్కడికి సంచి పట్టుకుని వెళ్ళడం, తిరిగొచ్చాక జరిగినదాన్ని జరిగినదానికంటే గొప్పగా సంఘంలో చదివి వినిపించడం, అంతే ఆ పదవి.

ఒక వేసవిలో బాపట్లలో సదస్సు పెట్టారు. విషయం, సృష్టి సంరక్షణలో సంఘాల బాధ్యత. పాస్టరుగారూ నేనూ తెనాలిలో రైలు మారి వెళ్ళాం. తలుపులన్నీ మూసి, ఏసీ వేసి, ప్రకృతి గురించి మాట్లాడారు. దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టింది దాన్ని కాచుకొమ్మనేగాని పాడుచెయ్యమని కాదంటూ ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మేమూ తుడుచుకున్నాం. తర్వాత థర్మోకోల్ పళ్ళేల్లో బిర్యానీ తిని, నీళ్ళ ప్యాకెట్లు పళ్ళతో కొరికి తాగి, అన్నీ కలిపి ప్రహరీగోడ అవతలికి విసిరేశాం. గోడ అవతల ఉన్నది కూడా సృష్టేనని ఎవరికీ తోచలేదు. ప్రతి సంఘమూ ఒక పర్యావరణ ఆదివారం జరపాలని తీర్మానించి, చప్పట్లు కొట్టి ఇళ్ళకొచ్చాం.

మా పాస్టరుగారు మంచి మనిషి. ఇది ఎగతాళికి అనడం లేదు. ఎవరింట్లో జ్వరమన్నా సైకిలెక్కి ముందు ఆయనే వెళ్ళేవారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, సంఘపెద్ద మాట కాదనలేకపోవడం. సంఘపెద్దగారికి బజార్లో షామియానా సామాన్ల కొట్టుండేది. ప్రేమవిందు ఎప్పుడు జరిగినా కుర్చీలూ, ప్లాస్టిక్ గ్లాసులూ, పళ్ళేలూ ఆయన ఉచితంగా పంపేవారు. ఉచితంగా ఇచ్చే మనిషికి ఎదురు చెప్పేంత విశ్వాసం మా సంఘంలో ఎవరికీ లేదు, మా పిన్నికి తప్ప.

పిన్ని స్త్రీల సమాజం నాయకురాలు. టీచరుగా రిటైరైంది. గొంతు మాత్రం రిటైరు కాలేదు.

“ఆ రోజన్నా అరిటాకులు వేద్దామండి. గ్లాసులు మా ఇళ్ళల్లోంచి స్టీలువి తెస్తాం,” అంది కమిటీలో.

సంఘపెద్దగారు నవ్వారు. “అన్ని గ్లాసులు ఎవరు కడుగుతారమ్మా?”

“ఏం, మీకు చేతుల్లేవా ఏంటి?”

“చేతులున్నాయమ్మా. కానీ పెద్దని గదా.”

పాస్టరుగారు వెంటనే లేచి ముగింపు ప్రార్థన చేసేశారు. చర్చ ఇబ్బందిగా మారినప్పుడల్లా ఆయనకు భక్తి పొంగుకొచ్చేది.

పర్యావరణ ఆదివారం ఘనంగా జరిగింది. పెద్ద ఫ్లెక్సీ బ్యానరు కట్టించారు. మధ్యలో ఆకుపచ్చ భూగోళం, ఒక మూల పాస్టరుగారి ఫొటో, ఇంకో మూల చేతులు జోడించిన సంఘపెద్దగారి ఫొటో. రెండో ఫొటో భూగోళం కంటే కొంచెం పెద్దది. బ్యానరుకు అడ్డమొస్తున్నాయని గేటు దగ్గరి వేపచెట్టు కొమ్మలు కొట్టించారు. తర్వాత కమిటీ అంతా కలిసి ఒకే ఒక్క మొక్కను పట్టుకుని, నాటుతూ ఫొటో దిగాం. ఫొటోలో అందరం కనపడ్డాం, మొక్క తప్ప.

విందయ్యాక చెత్తంతా మూటలు గట్టి, మా ప్రార్థన గుడి వెనక కాలువలోకి దొర్లించారు. వేసవి కనుక కాలువలో నీళ్ళు లేవు.

“అదేంటండి, అక్కడ పోయిస్తున్నారు?” అంది పిన్ని.

“నీళ్ళు వదిలితే అదే పోతుందిలేమ్మా,” అన్నారు సంఘపెద్దగారు.

“ఎక్కడికండి?”

“సముద్రానికి.”

సముద్రం ఎవరు చేశారో ఆయనకు తెలియంది కాదు. ప్రతి ఆదివారం ఆ సంగతి మైకులో చెప్పేది ఆయనే.

వానాకాలం మొదలై కాలువకు నీళ్ళు వచ్చాయి. అదే సమయానికి సంఘపెద్దగారి అమ్మాయికి బాపట్ల సంబంధం కుదిరింది. అబ్బాయి ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. మాది నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం కాబట్టి, పెళ్ళికి ముందే ఆ కార్యం మా కాలువలోనే జరగాలని సంఘపెద్దగారు పట్టుబట్టారు. అబ్బాయి తల్లిదండ్రులు కూడా వచ్చారు. గట్టు మీద మేం పాటలు పాడుతుంటే, తెల్లబట్టల్లో ఆ అబ్బాయి పాస్టరుగారి వెంట నడుం లోతుకు దిగాడు. చుట్టూ గ్లాసులు తేలుతున్నాయి. పాస్టరుగారు వాటిని ఒక చేత్తో పక్కకు నెడుతూ ఇంకో చేత్తో అబ్బాయిని ముంచారు.

పైకి లేచినప్పుడు అబ్బాయి మొహం కనపడలేదు. తల నిండా బురద పట్టిన ఫ్లెక్సీ కప్పుకుని ఉంది. చెత్త మూటగట్టడానికి బ్యానరునే వాడారన్న సంగతి నాకప్పుడు తెలిసింది. అబ్బాయి మొహం ఉండాల్సిన చోట కాబోయే మామగారు చేతులు జోడించి నవ్వుతున్నారు.

“ఏంటండి ఇదంతా? ఎవరు పోస్తారండి ఈ చెత్త?” అంది అబ్బాయి తల్లి.

సంఘపెద్దగారు తడుముకోలేదు. “ఊళ్ళో వాళ్ళండి. అన్యులు. ఎంత చెప్పినా వినరు.”

“మరి ఆ బ్యానరు మీదున్న అన్యుడు ఎవరండి?” అంది పిన్ని.

పాట ఆగిపోయింది. అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత దగ్గాడు, ఆ తర్వాత మింగిన నీళ్ళు కక్కాడు. అక్కడితో పోలేదు. వాంతులూ విరేచనాలతో మంచం పట్టాడు. పెళ్ళి వాయిదా పడింది.

పాస్టరుగారూ నేనూ అతన్ని చూడ్డానికి బాపట్ల వెళ్ళాం. పిల్లవాడు సగమయ్యాడు. వాళ్ళమ్మ మాకు కుర్చీలు వేసిందిగాని, తను కూర్చోలేదు.

“ఒక్క మాటడుగుతానండి అయ్యగారూ. ఆ కాలువ నీళ్ళు మీరు తాగుతారా?”

“అబ్బే, మేం తాగమమ్మా. కింది ఊళ్ళ వాళ్ళు తాగుతారు,” అన్నారు పాస్టరుగారు.

ఆయన అన్న మాట ఆయనకే వినపడింది. మొహం నల్లబడింది. ఈసారి ప్రార్థనలోకి దూరలేదు. “తప్పు మాదేనమ్మా. ఆ చెత్త మా సంఘానిదే,” అన్నారు. తిరిగొచ్చే రైల్లో తెనాలి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆ ఆదివారం ప్రసంగం లేదు. అప్పటికి కాలువలో నీళ్ళు మోకాలి లోతుకు తగ్గాయి. పాస్టరుగారు ప్యాంటు పైకి మడిచి, పార భుజాన వేసుకుని, గుడి వెనక దారి పట్టారు. ప్రసంగం తప్పిందన్న సంతోషంతో కొందరు, సిగ్గుతో కొందరు వెంట నడిచారు. ఆడవాళ్ళు గంపలు తెచ్చారు. సంఘపెద్దగారు స్కూటరు మీద వచ్చి గట్టున నిలబడి, పార ఎలా పట్టాలో మాకు నేర్పసాగారు. అప్పుడు వాళ్ళమ్మాయి, పెళ్ళి ఆగిపోయిన పిల్ల, చీర కుచ్చిళ్ళు దోపుకుని బురదలోంచి పైకొచ్చి, నిండు గంప తండ్రి చేతికిచ్చింది.

“పట్టుకో నాన్నా. నీ సామానే.”

ఆయన పట్టుకున్నారు. చొక్కా ఇస్త్రీ నలిగింది. సంఘ చరిత్రలో అదొక అద్భుతంగానే మేం చెప్పుకున్నాం.

అబ్బాయి కోలుకున్నాక పెళ్ళి జరిగింది. కొల్లూరు లంకల నుంచి అరిటాకులు తెప్పించారు. ఆ ఆలోచన తనకే వచ్చిందని సంఘపెద్దగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. ఎవరం కాదనలేదు. మంచిపని ఎవరి పేరున జరిగినా జరగడం ముఖ్యమని పాస్టరుగారు నా చెవిలో అన్నారు. పెరట్లో స్టీలు గ్లాసుల దగ్గర పిన్నీ, పెళ్ళికొడుకు తల్లీ పక్కపక్కన పీటలేసుకుని, ఒకరు తోముతుంటే ఒకరు కడుగుతూ, మగవాళ్ళ గురించి ఏవో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

భోజనాలయ్యాక ఆకులన్నీ వీధి చివర గేదెలకు వేశాం. అవి ఈనె కూడా మిగల్చకుండా తిన్నాయి. ఇంత శుభ్రంగా విందు ముగించిన విశ్వాసుల్ని తన జన్మలో చూడలేదంది పిన్ని.