ఎముకలు చెప్పిన వయసు

కరీంనగర్‌లో పళ్ల వంకరలు సరిచేసే డాక్టరుగా నేను క్లినిక్ పెట్టిన మూడో ఏడాది. ఒక మధ్యాహ్నం చొప్పదండి వైపు నుంచి ఒక తల్లి పన్నెండేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. తండ్రి దుబాయిలో ఉంటాడు కాబట్టి, వెంట ఆయన అన్న వచ్చాడు. పిల్లకు పై పళ్లు ఎత్తుగా ఉన్నాయి, కింది దవడ వెనక్కి ఉంది. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఇలాంటి దవడను పిల్లలు గబగబా ఎత్తు పెరిగే రోజుల్లో క్లిప్పు పెట్టి ముందుకు తేవచ్చు. ఆ ఒకటి రెండేళ్లు దాటితే క్లిప్పు పళ్లను జరుపుతుందే గాని దవడను పెంచలేదు. ఆ రోజులు ఒక్కొక్కరికి ఒక్కో వయసులో వస్తాయి. అందుకే ఎడమ చేతికి ఎక్స్‌రే తీసి చూస్తాం.

ముందు తల్లిని పక్కకు పిలిచాను. "పాప పెద్దమనిషి అయిందా?"

"ఇంక కాలే మేడం," అంది, నా మాట పూర్తికాకముందే.

ఎక్స్‌రే చూశాను. వేళ్ల ఎముకల చివర టోపీల్లా ఉండే చిన్న ముక్కలు అప్పటికే అతుక్కుపోతున్నాయి. నాకు తెలిసింది చెప్పాలన్న ఉత్సాహంలో అందరి ముందూ ఫిల్మును లైటుకు పెట్టి చూపించాను. "వయసు పన్నెండే గాని ఎముకలు పద్నాలుగు దాటినట్టున్నాయి. పెద్దమనిషై కొన్ని నెలలైనా అయుండాలి. ఇక ఆలస్యం చేయొద్దు."

తల్లి నేలచూపులు చూస్తోంది. పిల్ల పెదనాన్న మాత్రం ఫిల్ముకు దగ్గరగా జరిగాడు.

"అయితే గిది అబద్ధం చెప్పదన్నట్టు," అన్నాడు.

రెండు రోజులకు ఆయన ఒక్కడే వచ్చాడు. "డాక్టరమ్మా, గా ఎక్స్‌రే చూసి పిల్లకు పద్దెనిమిది నిండినయని కాయితం రాసియ్యిండ్రి. మంచి సంబంధం ఉన్నది. పిలగాడు మస్కట్ల ఉంటడు, వచ్చే నెల సెలవు మీద వస్తుండు."

"ఎముకలు ముందుగా ఎదిగితే వయసు మారదు. నేను రాయను."

"పెద్దగైనయని మీరే గద చెప్పిండ్రు," అని నవ్వి లేచాడు. "ఫికర్ లేదు. మీరు కాకుంటే ఇంకొకలు రాస్తరు."

ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేశాను. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆరు నెలల సంది దాచిన మేడం. మా అవ్వకు సుత చెప్పలే. తెలిస్తే బడి బంద్ చేపిస్తరని. మీరు గా ముచ్చట ఆయన ముందట ఎందుకు చెప్పిండ్రు?"

పిల్లల సంరక్షణ అధికారులకు చెప్పనా అని అడిగితే, "చెప్పుండ్రి," అంది.

అధికారులు ఇంటికి వెళ్లి పెదనాన్న చేత పెళ్లి చేయనని రాయించుకున్నారు. ఆ మర్నాడే తల్లి ఆయనకు తెలియకుండా పిల్లను ఉట్నూర్ తీసుకెళ్లి, తన చెల్లెలు వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో ఉంచింది. చాలా రోజులు క్లినిక్ తలుపు చప్పుడైతే, పిల్ల ఎక్కడుందని అడగడానికి ఆయనే వచ్చాడేమోనని తలెత్తి చూసేదాన్ని.

నాలుగేళ్ల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. పిల్ల ఇంటర్ చదువుతోంది. దవడ పెరిగే కాలం ఎప్పుడో దాటిపోయింది. పై పళ్లు రెండు తీసి, మిగతావి వెనక్కి జరిపాను. పళ్లు బాగానే కుదిరాయి, గడ్డం మాత్రం వెనక్కే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరి ఎక్స్‌రే అయినా తల్లికి విడిగా చూపించాకే మిగతావాళ్లను లోపలికి పిలుస్తున్నాను.

క్లిప్పులు తీసిన రోజు, పిల్ల బయటికి వెళ్లాక తల్లి ఆగింది.

"మా బావ వచ్చి అడిగితే, మేము రాలేదని చెప్పుండ్రి మేడం."

"ఇంకా వెతుకుతున్నాడా?"

"మొన్న హాస్టల్ కాడికి పోయిండట. పిల్ల సెలవులకు ఎప్పుడొస్తదని అడిగిండట."