తుపాకులన్నీ సీసాలో పెట్టిన చిన్నాయన

మా చిన్నాయన పోయిన వార్త నాకు ఖమ్మం మిర్చి యార్డులో తెలిసింది. ధర తగ్గిందని రైతులు కాంటాలు ఆపేస్తే ఆ వార్త కోసం వెళ్లాను. చిన్నాయన కొడుకు, అంటే నా తమ్ముడు, ఫోన్ చేశాడు.

"అన్నా, నాయిన లేడు. పొద్దుగాల చాయ్ తాగిండు, మంచం మీద ఒరిగిండు. అంతే."

ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని అడగడం నా ఉద్యోగం. ఆ మూడింటికీ జవాబు తమ్ముడే చెప్పేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

భద్రాచలం వైపు పోయే దారిలో పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు ఉంటుంది. అంత్యక్రియలు అక్కడే అయ్యాయి. మూడో రోజు ఇంటి గేటు పక్కన ఫ్లెక్సీ కట్టారు. అందులో చిన్నాయన మంచు కొండ మీద నిలబడి ఉన్నాడు. చేతుల్లో పెద్ద తుపాకి, వెనక జెండా, కింద ఎర్ర అక్షరాలతో ‘సరిహద్దు సింహం’ అని. సత్తుపల్లిలో ఫ్లెక్సీలు కొట్టే అబ్బాయి ఎవరో సైనికుడి ఒంటికి చిన్నాయన తల అతికించాడు. అతుకు కనపడకుండా బాగానే చేశాడు. చుట్టాలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు.

చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"బిడ్డా, ముఖం మీ చిన్నాయనదే. ఆ మనిషెవరు?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"పెద్దకర్మకు రోడ్డు మీద ఇంకా పెద్దది కడుతరంట. దాంట్ల గూడ గీయననే పెడితే నేను ఊకోను. ఊరు మొత్తం చూసేది అదే. దాంట్ల మా ఆయన ఉండాలె" అంది.

చిన్నమ్మ అంత పట్టుదలగా ఎందుకు అన్నదో తెలియాలంటే చిన్నాయన గురించి, ఆయన బొమ్మల గురించి చెప్పాలి.

చిన్నాయన ఆర్మీలో కంచరగాడిదలు నడిపాడు. అక్కడ వాటిని ఖచ్చర్ అంటారు. రోడ్డు లేని కొండల మీద సైన్యం పోస్టులకు బియ్యం, కిరోసిన్, తూటాలు ఆ జంతువుల మీదే చేరేవి. తుపాకి శిక్షణ సైన్యంలో అందరితో పాటు ఆయనకూ ఇచ్చారు. కానీ ఆయన ఉద్యోగం మాత్రం అది కాదు. దీన్ని ఆయన ఎప్పుడూ దాచలేదు. దాచకపోవడమే తమ్ముడికి కష్టమైంది. ఊళ్లో ఆ జంతువును చూసిన వాళ్లు లేరు. బడిలో వాణ్ని ‘గాడిదలోళ్ల పిలగాడు’ అన్నారు. వాడు ఏడ్చుకుంటూ వస్తే చిన్నాయన ఒకటే అనేవాడు. "రేపు పోయి వాళ్లకు చెప్పు, ఖచ్చర్ వేరు, గాడిద వేరు అని." ఆ జవాబుతో బడిలో గొడవ ఇంకా పెద్దదయ్యేది.

బొమ్మల వ్యవహారం కూడా తమ్ముడితోనే మొదలైంది. మోచేతులు, మోకాళ్లు వంగే జానెడు ప్లాస్టిక్ సైనికులను వాడు భద్రాచలం నవమి అంగళ్లలో కొనిపించుకునేవాడు. అన్నీ కమాండోలే. ఒక రోజు చిన్నాయన వాటి పక్కన చాప మీద కూర్చుని అడిగాడు.

"వీళ్లందరు ఫైరింగే చేస్తరా?"

"అవ్."

"మరి వీళ్లకు నీళ్లెవరు తెస్తరు?"

చిన్నాయన ఒక కమాండో చేతిలోంచి తుపాకి మెల్లగా ఊడదీసి, అగ్గిపుల్లకు దారంతో డబ్బా కట్టి ఆ పిడికిట్లో పెట్టాడు. మా ఇంటి పటాలానికి మొదటి నీళ్లాయన అట్లా చేరాడు. తమ్ముడికి కొన్నేళ్లలో క్రికెట్ పిచ్చి పట్టుకుంది, బొమ్మలు వదిలేశాడు. చిన్నాయన వదల్లేదు. ఆర్మీ నుంచి వచ్చి సత్తుపల్లి వైపు గార్డు పని చేసినన్నాళ్లూ, ఆ తర్వాత కూడా కొంటూనే ఉన్నాడు. చివరి ఏళ్లలో మనవరాలి ఫోన్‌లో ఆర్డర్ పెట్టించేవాడు.

కొత్త బొమ్మ వచ్చిందంటే ముందు డబ్బా మీద రాసింది చదివించుకునేవాడు. ‘ఒంటరిగా శత్రువును వేటాడే రహస్య యోధుడు’ అని ఉంటే పడీపడీ నవ్వేవాడు. "ఒంటరా? మరి వీనికి జీతమెవరు ఇస్తరు? చెప్పులు తెగితే ఎవరిస్తరు?" అనేవాడు. తుపాకి ఊడదీసి గాజు సీసాలో వేసేవాడు. తర్వాత బొమ్మను నాలుగు రోజులు కిటికీలో ఉంచి చూసేవాడు. ఉద్యోగం ఇవ్వడం ఆ తర్వాతే.

ఆయన పద్ధతి ఇది. ఈ మనిషి ఏ ఊరివాడు, ఆర్మీకి రాకముందు ఏ పని తెలుసు, ఇంటి దగ్గర ఎవరున్నారు, లీవు ఎప్పుడు. ఈ నాలుగూ కుదరకపోతే ఆ కథ చెల్లదు. పేర్లు పెట్టేవాడు కాదు. "పేరు పెడితే సుట్టమైతడు. తప్పు చేస్తే తిట్టలేము" అనేవాడు. అందుకే అన్నిటినీ పనితోనే పిలిచేవాడు. వంటాయన, లైనాయన, స్టోరాయన.

స్టోరాయన వచ్చినప్పుడు ఛాతీ విప్పుకుని నిలబడ్డ భీముడిలా ఉండేవాడు. ఎడమ మోకాలి కీలు మాత్రం వదులు. ఇంకొకరైతే బొమ్మను వాపసు పంపేవారు. చిన్నాయన ఆ మోకాలి చుట్టే కథ కట్టాడు. సత్తుపల్లి దగ్గర రైస్ మిల్లులో బస్తాలు మోసినవాడు, ఆ కండలు అక్కడివి. ఆర్మీలో మొదట తుపాకి పటాలంలోనే ఉన్నాడు. కొండ దిగుతూ మోకాలు బెణికితే స్టోరుకు మార్చారు. మార్చినందుకు ఇప్పటికీ అలక. "స్టోరుకు పోతే బెల్లం తక్కువ తూచి ఇస్తడు చూడు, ఆ కోపం గట్ల తీర్చుకుంటడు" అనేవాడు చిన్నాయన, ఆ మనిషి ఎదురుగా ఉన్నట్టు.

వైర్‌లెస్ సెట్టు చూసే బొమ్మను గోదావరి అవతల గూడెం వాడిగా నిర్ణయించాడు. ఇంట్లో ఒక భాష, సంతలో తెలుగు, హాస్టల్లో హిందీ వినిపించే చోట పెరిగినవాడికి సెట్టు మీద గొంతులు పట్టడం సులువని ఆయన లెక్క. లీవు మాత్రం సంక్రాంతికి ఇచ్చాడు. ఆ గూడేల వైపు నుంచి మా ఊరి బడికి వచ్చిన సార్ ఒకాయన ఇది విని నవ్వాడు.

"మీ పండుగకు వచ్చి వాడేం చేస్తడు పెద్దాయనా? ఇప్పపూలు రాలేటప్పుడు లీవు అడుగుతడు. ఏరనీకి ఇంట్ల మనుషులు చాలరు అప్పుడు."

చిన్నాయన అక్కడికక్కడే లీవు మార్చాడు. ఆ తర్వాత ఎవరికి ఆ కథ చెప్పినా, ఇప్పపూల మాట ఆ సార్ చెప్పిందని కూడా చెప్పేవాడు.

ఒంటికి అతుక్కున్న నల్ల బట్టలతో ఒక ఆడ బొమ్మ వస్తే ఆమెను నర్సమ్మను చేశాడు. తమ్ముడి పాత ఖాకీ నిక్కరు కత్తిరించి చిన్నమ్మ ఆమెకు చొక్కా, ప్యాంటు కుట్టింది. నర్సమ్మ ఎర్రుపాలెం రైతుల ఇంటి పిల్ల అని చిన్నాయన అన్నాడు. పెళ్లి సంగతి చిన్నమ్మ తేల్చింది. "ఈమెకు ఇంక పెండ్లి కాలె. నాలెక్క చేసుకుని ఉంటే మొగుడు కొండ మీద, ఈమె పొయ్యి కాడ ఉండేటిది." చిన్నాయన ఆ మాట కూడా కథలో కలుపుకున్నాడు.

నేనూ ఒకసారి చెయ్యి పెట్టబోయాను. తెగిన టెలిఫోన్ తీగలు కలిపే లైనాయనకు ఒక పతకం ఇద్దామన్నాను. తుఫానులో స్తంభం ఎక్కి తీగ కలిపాడని, దాంతో ఒక పోస్టు బతికిందని కథ కూడా అల్లాను. చిన్నాయన బీడీ పక్కన పెట్టాడు.

"ఎవరు చూసిన్రు?"

"మనమే రాసుకుంటున్నం గద చిన్నాయనా."

"మనమే రాస్తున్నం కాబట్టే అడుగుతున్న. ఎవరు చూసిన్రు?"

లైనాయనకు పతకం రాలేదు. దానికి బదులు, తీగ కలిపిన ప్రతిసారీ అవతలి పోస్టు వాళ్లు ఫోన్‌లో ఒక పాట పాడి వినిపిస్తారని పెట్టాడు. అది జరిగే పని అన్నాడు.

ఒకసారి ఆయనా నేనూ భద్రాచలం నుంచి బస్సులో వస్తుంటే అడవి దారిలో పోలీసులు ఆపి సంచులు చూశారు. చిన్నాయన సంచిలో సైనికులు బయటపడ్డారు. ఒక కానిస్టేబుల్ ఒక్కొక్కరినీ పైకి తీసి చూశాడు.

"ఏంది పెద్దాయనా, మిలిటరీ బొమ్మలు తెచ్చినవు, ఒక్కనికీ తుపాకి లేదు?"

"తుపాకులు ఇంట్ల సీసాల ఉన్నయ్ సార్."

బస్సంతా నవ్వింది. కానిస్టేబుల్ నవ్వలేదు. "ఈయనేం చేస్తడు?" అని ఒక బొమ్మను చూపించాడు.

"వంటాయన సార్. తుపాకి పట్టినోడు గూడ అన్నం తినాలె గద."

"మా క్యాంపుల వంటాయన లీవు మీద పోయిండు. మేమే వండుకుంటున్నం. పప్పు రోజూ మాడుతుంది" అని ఆ కానిస్టేబుల్ బొమ్మను జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. ఇంటికి చేరేలోపే చిన్నాయన కొత్త ఉద్యోగం ఒకటి తయారు చేశాడు. అసలు వంటాయన లీవులో ఉన్నప్పుడు గరిటె పట్టే సిపాయి. వంట రాదు, అందరి తిట్లూ తింటాడు.

ఇదంతా జరిగిన ఇంట్లో ‘సరిహద్దు సింహం’ ఫ్లెక్సీ వెలిసింది. ఆ సాయంత్రం చుట్టాలు కొందరు అరుగు మీద ఉండగానే చిన్నమ్మ మళ్లీ మాట తెచ్చింది. తమ్ముడు ఈసారి ఊరుకోలేదు.

"నాయినకు తుపాకి ట్రైనింగ్ ఇయ్యలేదా అమ్మా? అబద్ధం ఏమున్నది దాంట్ల?"

"ఇచ్చిన్రు. ఆయన చేసిన పని అదా?"

"బడిల నన్ను ఏమని పిలిచిన్రో నీకు తెల్వదా? ఇప్పటికీ నా దుకాణం కాడ ముసలోళ్లు గట్లనే అంటరు. సచ్చినంక గూడ గాడిదల ముచ్చటేనా ఆయనకు? ఒక్కనాడన్న సింహమంటే ఏం పోయింది?"

వాడు నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు పేపరోనివి. నువ్వు చెప్పు. పెద్ద ఫ్లెక్సీకి మ్యాటర్ రాసేది గూడ నువ్వే."

నాకు వచ్చిన మాట నాది కాదు. "ఎవరు చూసిన్రు తమ్మీ?" అన్నాను.

వాడికి ఆ మాట ఎక్కడిదో తెలుసు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు చిన్నమ్మ లేచి, కొంగు బొడ్లో దోపుకుని, గేటు దాకా నడిచి ఫ్లెక్సీ ముందు నిలబడింది.

"ఏ ఊరయ్యా నీది? తెల్వదు. ఇంటికాడ ఎవరున్నరు? తెల్వదు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "సరే, ఈ సింహం లీవు ఎప్పుడురా?"

"నాకేం తెలుసమ్మా."

"మీ నాయిన లీవు నాకు తెలుసు. ఖచ్చర్లను కొండ దించి విశ్రాంతి ఇచ్చే నెలల వచ్చేటోడు. నువ్వు ఆ లీవుకే పుట్టినోనివి. ఈ తుపాకాయన లీవు మీద నా ఇంటికి వచ్చినట్టు నాకైతే యాది లేదు మరి."

చావింట్లో అంత నవ్వు నేను వినలేదు. పెద్ద మేనత్త పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు బిగబట్టుకోవాలని చూసి, చేతకాక, నవ్వాడు. నవ్వుతూనే వాడికి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి వాడు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. చిన్నమ్మ వచ్చి వాడి తల మీద చెయ్యి వేసింది. ఫ్లెక్సీ గురించి మళ్లీ ఒక్క మాట కూడా అనలేదు.

మర్నాడు పొద్దున తమ్ముడు చిన్నమ్మ కుట్టు మిషన్ పైన గోడకున్న ఫోటో తనే దించాడు. కుర్ర వయసు చిన్నాయన, పక్కన బరువెత్తిన కంచరగాడిద, వెనక మంచు. కంచరగాడిద సూటిగా కెమెరాను చూస్తోంది. చిన్నాయన కెమెరాను చూడటం లేదు. వంగి దాని పొట్ట కింద పట్టీ బిగించుకుంటున్నాడు. మొహం సగమే కనపడుతుంది.

ఇద్దరం బండి మీద సత్తుపల్లి వెళ్లాం. ఫ్లెక్సీ అబ్బాయి ఫోటో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాడిదను కట్ చేసి నాన్నగారిని ఒక్కరినే పెడదామా అండి?"

"గాడిద కాదు, ఖచ్చర్" అన్నాడు తమ్ముడు. "కట్ చెయ్యకు. చెవులు గూడ మొత్తం రావాలె."

మ్యాటర్ అక్కడే బల్ల మీద రాశాను. రోడ్డు లేని కొండల మీద సైనికులకు తిండి, తూటాలు చేర్చిన మనిషి అని రాశాను. ఏటా లీవు మీద ఇంటికి వచ్చేవాడు అని రాశాను. తమ్ముడు చదివి, రెండో వాక్యం దగ్గర ఆగాడు. తీసెయ్యమంటాడనుకున్నాను.

"ఇది ఉంచు" అన్నాడు.

పెద్దకర్మ రోజు నేను బస్సు దిగేసరికి రోడ్డు మలుపులో కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. అడవి వైపు నుంచి గాలి బాగా వీస్తోంది. ఒక మూల తీగ సడలి, గుడ్డ మడతపడి, కంచరగాడిద తల సగం దాగిపోయింది. తమ్ముడు కర్మ కోసం కట్టుకున్న తెల్ల పంచె పైకి ఎగదోపుకుని నిచ్చెన ఎక్కాడు. పళ్ల మధ్య తీగ ముక్క పట్టుకుని, ఒక చేత్తో ఆ మడతను మెల్లగా చదును చేస్తూ, చెవులు రెండూ నిటారుగా వచ్చేదాకా లాగి కడుతున్నాడు.