పొట్టకు ఆనించి పట్టుకున్న మూత

నా చిన్నప్పుడు మా మామ నడిపిన బండికి నీళ్ళంటే భయం. ఏడాది పొడుగునా వాన కురిసే ఇంగ్లండులో పుట్టిన జీపుకు ఆ భయం ఎలా పట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొర ఒకాయన ఓడెక్కి స్వదేశం వెళ్ళిపోతూ దాన్ని ఆసుపత్రికి వదిలి వెళ్ళాడు. ఆ బండి మీద తన అభిప్రాయాన్ని ఆయన అంతకంటే స్పష్టంగా చెప్పనక్కరలేదు. మా అమ్మ తమ్ముడే దానికి డ్రైవరు. తేమ తగిలితే అది కదిలేది కాదు, ఎండకు ఉడికితే ఆగిపోయేది. మధ్యలో మిగిలిన వాతావరణంలో మాత్రం చక్కగా నడిచేది. మా అవ్వ పొద్దుటి ప్రార్థనలో ఇంటిల్లిపాది పేర్లూ అయ్యాక చివర బండి కోసం కూడా ఒక మాట ఉండేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అవ్వ బావి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మా పల్లె ఇందుకూరుపేట వైపు, సముద్రం ఒడ్డున. ఆసుపత్రికి పోయే ఊరి బాట వానలకు తెగిపోయి ఉంది. ఇక మిగిలింది ఇసుక దారి. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ చూసుకుని, గట్టి తడి ఇసుక మీద ఒడ్డు వెంట పోయి, కాలువ సముద్రంలో కలిసే మొగను దాటాలి. దాటేముందు నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో వలలు బాగుచేసుకునే వాళ్ళను అడగడం రివాజు. ఆ రోజు మామ తొందరలో అడగలేదు. నిన్నటి వేళకు కొంత కలిపి తనే లెక్క వేసుకుని, గోడ మీది చర్చి క్యాలెండరు వంక ఒకసారి చూసి బయలుదేరాడు. ఆ క్యాలెండరులో రోజుకో వాక్యం ఉండేది గానీ తిథులు ఉండేవి కావు. వారం రోజులుగా మబ్బు పట్టి చందమామ కూడా కనబడలేదు. ముందు రోజు పున్నమి అనీ, పున్నమికి పోటు నీరు మరింత ఎత్తున వస్తుందనీ పక్కింటి వాళ్ళ గోడకు తెలుసు. మా గోడకు తెలియదు.

అమ్మ చంటిబిడ్డతో ఇంట్లో ఉండిపోయింది. బండి వెనక పరుపు మీద అవ్వ, అవ్వ తల పట్టుకుని నేను. సరిగ్గా మొగ మధ్యలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆగాక వచ్చిన నిశ్శబ్దం నాకు బాగా గుర్తు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళ చప్పుడు ముందు పక్కనుంచి, తర్వాత కిందనుంచి వినబడింది. మామ దిగితే మోకాలు మునిగింది. ఆయన బానెట్ ఎత్తి అటు పక్కకు పోయేసరికి నాకు ఆయన తల కూడా కనబడలేదు. తలుపు సందులోంచి నీళ్ళు సన్నగా లోపలికి వచ్చి నా కాలి వేళ్ళకు తగిలాయి. అవ్వ నడవలేదు. మామ బక్కమనిషి, అవ్వ కాదు. ఈ రెండు సంగతులూ కలిపితే ఏమవుతుందో ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది.

"ఒరే, నన్నీడ దించేసి బిడ్డను ఎత్తుకొని పోరా," అంది అవ్వ.

"నిన్ను దించితే నీళ్ళు ఇంకా పైకొస్తాయి, ఊరుకోమ్మా," అన్నాడు మామ బానెట్ వెనక నుంచి.

తర్వాత ఆయన పక్కకు వచ్చి నా చేతిలో ఒక నల్లటి మూత పెట్టాడు. గిన్నె బోర్లించినట్టు ఉంది, పైన నాలుగైదు కొమ్ములు. ఇంజనుకు నిప్పురవ్వ పంచేది అదేనట. "అమ్మణ్ణీ, ఇది తడిస్తే మనం కదల్లేం. గౌను లోపల పొట్టకు ఆనించి పెట్టుకో. వెచ్చగా ఉండాల. దీని వంకే చూడు, నీళ్ళ వంక చూడబాక."

ముగ్గురి ప్రాణాలూ నా పొట్ట మీదికి వచ్చాయి. నేను వంగి, రెండు చేతులూ కట్టుకుని, దాని మీద ఊపిరి వదులుతూ కూర్చున్నాను. కొమ్ములు గుచ్చుకుంటున్నా సడలించలేదు. పరుపు అంచు నల్లబడడం కంటి చివర కనబడుతూనే ఉంది. అవ్వ ప్రార్థన మొదలుపెట్టింది. ఎప్పుడూ చివర వచ్చే బండి ఆ రోజు మొదట వచ్చింది. ముందు నుంచి మామ ఇంజనును లేపే ఇనప హ్యాండిలు తిప్పుతున్న చప్పుడు. ఒకసారి, రెండుసార్లు, చాలాసార్లు. ప్రతిసారీ ఇంజను గొంతు సవరించుకుని మానుకుంది. అల నా పిక్కల దాకా వచ్చింది. మూత చల్లబడిందేమో, అందుకే కదలడం లేదేమో, తప్పు నాదేనేమో అని ఇంకా గట్టిగా అదుముకున్నాను.

అప్పుడు ఇంజను అందుకుంది. మామ పరుగున వచ్చి ఎక్కాడు. బండి నీళ్ళను ఈడ్చుకుంటూ అవతలి ఇసుక ఎక్కి పొడి చోట ఆగింది. అప్పటికి గుర్తొచ్చింది నాకు, మూత ఇంకా నా దగ్గరే ఉందని.

"మామా, మూత లేకుండా ఎట్టా నడిచింది?"

"దాని మూత దానికే ఉండాదిలే. తుడిచి పెట్టినా. నీ దగ్గరుండేది పోయినేడు పగిలింది, పనిముట్ల పెట్టెలో పడుండె."

"మరి నాకెందుకిచ్చినావు?"

ఆయన బీడీ నోట పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. మూడు పుల్లలు విరిగాయి. "నాకు తిప్పను హ్యాండిలుండె. నీకేమీ లేకపాయె," అన్నాడు.

అవ్వ ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికి, కుంటుకుంటూనే ఆ బండిని తిట్టింది. మామ ఇప్పుడు లేడు. నా పొట్ట మీద కొమ్ముల అచ్చు రెండు రోజుల్లో మాసిపోయింది.

నిరుడు మా ఆయనకు నెల్లూరులో గుండె ఆపరేషన్ జరిగింది. బయట బెంచీ మీద మా కోడలు గోళ్ళు కొరుక్కుంటూ తలుపు వంకే చూస్తోంది. నాకూ మళ్ళీ కాళ్ళ చుట్టూ ఆ మొగ నీళ్ళు పెరుగుతున్నట్టే ఉంది. సంచిలోంచి ఆయన చేతి గడియారం తీసి ఆమె అరచేతిలో పెట్టి, "ఇది చల్లబడితే ఆగిపోతుందమ్మా, కాస్త పట్టుకో," అన్నాను. అది బ్యాటరీ గడియారం. ఆమె ఇంజనీరు. నా మొహంలోకి ఒకసారి చూసి, దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని తలుపు తెరిచేదాకా అలాగే కూర్చుంది.